ప్రోస్టేట్‌కి ఆకు మందు: ఎలకలో తగ్గితే మనిషిలో తగ్గినట్టేనా?

సార్వా కోతలయ్యాక దాళ్వా వెయ్యకుండా వదిలేసిన చేలల్లో నడిస్తే ఊదారంగు గుండ్రటి పూలతో, నేలకి దగ్గరగా గుబురుగా పెరిగి, ఆకు నలిపితే ఘాటుగా వాసనొచ్చే మొక్క ఒకటి కనపడుతుంది. మా వైపు బోడసరం అంటారు. కాండం పొడుగునా రెక్కల్లా అంచులుంటాయి, అది చూస్తే ఇంక పొరపాటు పడం. రైతుకి అది కలుపు, పీకి గట్టు మీద పడేస్తాడు. నేను ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను, ల్యాబ్‌లో మా పని మొక్కల సారాలు ప్రోస్టేట్ పెరగడం మీద, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో ఎర్రబడి వాచిపోవడం) మీద ఏమాత్రం పనిచేస్తాయో చూడ్డం, అందుకని ఆ గట్టు మీద పడేసిన మొక్కలే మాకు గోనెసంచుల్లో కావాలి.

ఈ పని చేస్తానని తెలిసిన దగ్గర్నించి పెళ్లిళ్లలో, రైల్లో, ఆఖరికి చావింట్లో కూడా జనం పక్కకి పిలిచి మెల్లగా అడిగేది ఒకటే, "అమ్మాయ్, ఏ ఆకు మంచిదమ్మా?" అని. పల్లేరు కాయలా, కొండపిండి కూరా, కాలవ గట్ల మీద దొరికే నీరుగొబ్బా, అటికమామిడా, ఉలిమిరి బెరడా అని. ఇవన్నీ మన పెద్దలు మూత్రం బాధలకి తరతరాలుగా వాడినవే, నాకు వాటి మీద నిజంగా గౌరవం ఉంది, లేకపోతే ఈ పని ఎంచుకునేదాన్నే కాదు. కానీ ఒక మొక్క ల్యాబ్‌లో "పనిచేసింది" అంటే అసలు ఏం జరిగినట్టు, ఏం జరగనట్టు అనేది ఎవరూ విడమరిచి చెప్పట్లేదు. అందుకే ఈ పోస్టు, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు ఆ గ్రంథి సంగతి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది ప్రోస్టేట్. వయసులో ఉన్న మగవాడికి ఇరవై గ్రాముల దాకా తూగుతుంది, యాభై దాటాక చాలామందికి పెరగడం మొదలవుతుంది. ఇది క్యాన్సర్ కాదు, బీపీహెచ్ అంటారు. చుట్టూ గట్టి పొర ఉండబట్టి బయటికి పెరగలేక లోపలికి నొక్కుతుంది, దాంతో ధార సన్నబడ్డం, ఆగి ఆగి రావడం, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టే ఉండటం, రాత్రిళ్లు లేవడం. ఈ పెరుగుదల వెనకాల ఉన్న హార్మోన్ డీహెచ్‌టీ. టెస్టోస్టిరోన్‌ని ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీగా మారుస్తుంది. ఇది తెలిసిన తీరు నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పల్లెలో కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనపడి, పన్నెండో ఏడు దాటాక మగపిల్లలుగా ఎదిగేవాళ్లు, వాళ్లకి పుట్టుకతోనే ఆ ఎంజైము లోపం. 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం ఆ సంగతి ప్రచురించింది. వాళ్లకి పెద్దయ్యాక కూడా ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. అంటే ఆ ఎంజైముని ఆపితే ప్రోస్టేట్ పెరగదు కదా అన్న ఆలోచన నించి వచ్చిన మందే ఫినాస్టెరైడ్, 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. మేం ఏ మొక్కని పరీక్షించినా పక్కన పోలికకి పెట్టుకునేది దాన్నే.

ఇప్పుడు ల్యాబ్‌లో చేసేది చెప్తాను. మొక్కని ముందు బోటనీ వాళ్లకి చూపించి ఇది ఫలానాదే అని రాయించుకుని, ఒక నమూనాని ఎండబెట్టి హెర్బేరియంలో పెట్టాలి. ఒకే తెలుగు పేరుతో రెండు మూడు మొక్కలు చలామణీ అయ్యే చోట ఇది చెయ్యకపోతే మిగతాదంతా దండగ. తర్వాత నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, సాక్స్‌లెట్ గొట్టంలో వేసి పెట్రోలియం ఈథర్‌తోనో ఆల్కహాల్‌తోనో సారం తీస్తాం. కింద ఫ్లాస్కులో ద్రావకం ఆవిరై పైకెళ్లి, చల్లబడి పొడి మీద చుక్కచుక్కగా పడి, గొట్టం నిండగానే ఒక్కసారిగా కిందకి జారుతుంది, మళ్లీ మొదలు. గంటల తరబడి అలా తిరిగాక ద్రావకాన్ని ఎగరగొడితే అడుగున ముదురాకుపచ్చగా, తాటిబెల్లం పాకంలా గరిటెకి అంటుకుపోయే ముద్ద మిగులుతుంది. కిలో పొడి నించి వచ్చేది చూస్తే ఉసూరుమంటుంది ప్రాణం.

ఆ ముద్దని ఎలకలకి ఇస్తాం. ముందు జంతువుల ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ తర్వాత విషగుణం ఉందా లేదా అన్న పరీక్ష, అవయ్యాకే అసలు పని. ఎలకకి సహజంగా వయసుతో ప్రోస్టేట్ మనిషికి పెరిగినట్టు పెరగదు, అందుకని రోజూ చర్మం కింద టెస్టోస్టిరోన్ ప్రొపియోనేట్ ఇంజెక్షన్ చేస్తాం, మామూలుగా కిలో బరువుకి మూడు మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలు. ఒక గుంపుకి ఉత్త నూనె, ఒక గుంపుకి టెస్టోస్టిరోన్ మాత్రమే, ఒక గుంపుకి దాంతో పాటు ఫినాస్టెరైడ్, మిగతా గుంపులకి టెస్టోస్టిరోన్‌తో పాటు మన సారం తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు. చివర్లో ప్రోస్టేట్ తీసి తూస్తాం. ఈ తూచేటప్పుడు పిల్లలకి నేను పక్కనే నిలబడి చూపిస్తాను, ఎందుకంటే చుట్టూ అంటుకున్న కొవ్వుని జాగ్రత్తగా విడదియ్యాలి, ఫిల్టర్ పేపర్ మీద ఒక్కసారి అద్ది వెంటనే బ్యాలెన్సు మీద పెట్టాలి, కొంచెం ఆలస్యం చేస్తే తడారిపోయి బరువు మారిపోతుంది, కొవ్వు మిగిలితే అదీ బరువే, తేడాలన్నీ మిల్లీగ్రాముల్లో ఉంటాయి మరి. ఏ ఎలక ఏ గుంపుదో తూచేవాళ్లకి తెలియకూడదు, తెలిస్తే చెయ్యి తెలియకుండానే ఒక పక్కకి మొగ్గుతుంది. ఆ తర్వాత సన్నటి ముక్కలు కోసి రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, టెస్టోస్టిరోన్ ఒక్కటే ఇచ్చిన దాంట్లో గ్రంథి గోడ మందంగా మడతలు పడి లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, సారం పనిచేస్తే ఆ మడతలు తగ్గి గోడ పల్చబడుతుంది. అది కళ్లారా చూసినప్పుడు కలిగే సంతోషం వేరండీ. బోడసరం పెట్రోలియం ఈథర్ సారంతో మన దేశంలోనే ఇలా ఎలకల్లో ప్రోస్టేట్ తగ్గినట్టు ప్రచురించారు కూడా.

ఇన్‌ఫ్లమేషన్‌కి ఇంకో పరీక్ష. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నించి తీసే క్యారాజీనన్ అనే పదార్థాన్ని ఎలక అరికాలి కింద ఎక్కిస్తే పాదం వాస్తుంది, గంటగంటకీ ఎంత వాచిందో కొలుస్తాం. 1962 నించీ వాడుకలో ఉన్న పద్ధతి ఇది. వాపు పుట్టించే రసాయనాలు ఒంట్లోనే ఉంటాయి, మొదటి గంటన్నర రెండు గంటలు వాటిలో హిస్టమిన్, సెరటోనిన్ల వాపు, మూడో గంట నించి ప్రోస్టాగ్లాండిన్లది, కాబట్టి మందు ఏ గంటలో పనిచేసిందన్న దాన్ని బట్టి దేన్ని ఆపుతోందో కొంత ఊహించొచ్చు. వావిలాకు సారంతో ఇలాంటి పరీక్షలు చాలానే అయ్యాయి. అయితే పాదం వాపు వేరు, ప్రోస్టేట్‌లో ఏళ్లతరబడి నిప్పు రాజుకున్నట్టు ఉండే ఇన్‌ఫ్లమేషన్ వేరు. పెరిగిన ప్రోస్టేట్ ముక్కల్లో ఆ దీర్ఘకాలపు ఇన్‌ఫ్లమేషన్ చాలా తరచుగా కనపడుతుంది, అది గ్రంథి పెరగడానికి దోహదం చేస్తుందని కూడా ఇప్పుడు గట్టిగానే అనుకుంటున్నారు. కానీ కాలి వాపు తగ్గించిన ఆకు ప్రోస్టేట్ ఇన్‌ఫ్లమేషన్‌నీ తగ్గిస్తుందని రాసెయ్యడం పెద్ద దూకుడు, పరిశోధన పేపర్ల చివర్లో అలాంటి వాక్యం కనపడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఎలక దగ్గర ఇంకో చిక్కుంది. ఎలక ప్రోస్టేట్ మనలా ఒకే ముద్ద కాదు, విడివిడి తమ్మెలుగా ఉంటుంది, చుట్టూ గట్టి పొర ఉండదు. కాబట్టి ఎలకలో మనం కొలిచేది బరువే గానీ మనిషి పడే బాధ కాదు. మనిషి బాధకి ఏడు ప్రశ్నల స్కోరు ఉంది, ఐపీఎస్ఎస్ అంటారు, మొత్తం ముప్పై అయిదు, ఏడు దాకా తక్కువ, ఇరవై నించి తీవ్రం. ధార వేగానికి యూరోఫ్లో టెస్టు ఉంది. ఇంకా గమ్మత్తేంటంటే గ్రంథి సైజుకీ బాధకీ అంత లెక్క కుదరదు, నలభై గ్రాములున్నా హాయిగా పడుకునే వాళ్లున్నారు, ముప్పైకే రాత్రంతా లేచే వాళ్లున్నారు. ఎందుకంటే అక్కడి కండరం బిగుసుకోవడం కూడా కారణమే, టామ్సులోసిన్ లాంటి బిళ్లలు ఆ బిగువుని వదులు చేస్తాయి గానీ గ్రంథిని తగ్గించవు, రోజుల్లోనే తేడా తెలిసేది అందుకే. ఫినాస్టెరైడ్ అయితే నెలలు పడుతుంది.

ఇక మోతాదు. ఇది దయచేసి నిదానంగా చదవండి. పేపర్లో "కిలోకి రెండు వందల మిల్లీగ్రాముల సారం పనిచేసింది" అని ఉందనుకోండి. ఎలక మోతాదుని మనిషికి మార్చాలంటే ఒంటి ఉపరితలం లెక్కన సుమారు 6.2తో భాగిస్తారు, అంటే కిలోకి ముప్పై రెండు మిల్లీగ్రాములు, అరవై కిలోల మనిషికి రోజుకి దాదాపు రెండు గ్రాములు. ఇది సారం, పొడి కాదు. వంద గ్రాముల పొడికి మూడు గ్రాముల సారం వచ్చిందనుకుందాం, రెండు గ్రాముల సారానికి దాదాపు అరవై ఏడు గ్రాముల ఎండు పొడి కావాలి, రోజూ. చెంచాడు పొడి తేనెలో కలుపుకుంటే వచ్చేది అందులో ఏ మూలకి? పైగా పెట్రోలియం ఈథర్‌లో దిగేవి నూనెలూ కొవ్వు ఆమ్లాలూ బీటా సిటోస్టెరాల్ లాంటి స్టెరాల్సూ, నీళ్లలో కాస్తే అవి దాదాపు దిగనే దిగవు, కషాయంలోకి వచ్చేవి వేరే పదార్థాలు. మా పేపర్లో మొక్క పేరు చూసి ఇంట్లో కషాయం కాచుకుంటే, మేం పరీక్షించిన మందూ మీరు తాగే మందూ పేరుకే ఒకటి. అలాగని కషాయం పనిచెయ్యదని నేననట్లేదు, దాన్ని దానిలాగే కషాయంగా పరీక్షించాలి అంటున్నాను, ఆ పని చేసేవాళ్లు తక్కువ.

ఇంతా చేసి ఎలకలో బాగా వచ్చిన మందు మనిషి దగ్గరకొచ్చేసరికి ఏమవుతుందో సా పాల్మెట్టో కథ చూస్తే తెలుస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా వైపు పెరిగే పొట్టి తాటి జాతి మొక్క, దాని పండు సారం ప్రోస్టేట్‌కి ప్రపంచమంతా అమ్ముతారు, మన మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతుంది. గాజు గొట్టంలో ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్‌ని ఆపుతుంది, పాత చిన్న చిన్న ట్రయల్స్‌లో మంచి పేరొచ్చింది. 2006లో 225 మందికి ఏడాది పాటు సగం మందికి అదీ, సగం మందికి ఉత్త గుళికా ఇచ్చి చూశారు, తేడా లేదు. మోతాదు చాల్లేదేమో అన్నారు, 2011లో 369 మందికి మోతాదు పెంచుకుంటూ మూడింతల దాకా తీసుకెళ్లి 72 వారాలు చూశారు. సా పాల్మెట్టో వాడినవాళ్ల స్కోరు 14.4 నించి 12.2కి దిగింది. ఉత్త గుళిక వాడినవాళ్లది 14.7 నించి 11.7కి దిగింది.

నా పోస్టంతటికీ ఆ రెండో వాక్యమే ముఖ్యం. ఏ మందూ లేని గుళికతో మూడు పాయింట్లు తగ్గింది, అది అబద్ధం తగ్గుదల కాదు, వాళ్లకి నిజంగానే హాయిగా అనిపించింది. ఈ జబ్బు అలాంటిది, ఒక నెల పెరుగుతుంది, ఒక నెల దానంతటదే సర్దుకుంటుంది, మనం మందు కోసం వెతికేదేమో బాగా పెరిగిన నెలలోనే. ఆ తర్వాత ఏం తాగినా తగ్గినట్టే కనపడుతుంది.

మా బాబాయి సంగతే తీసుకోండి, పాలకొల్లు దగ్గర ఉంటారు. ఇలాంటివి కూతురి వరసదాంతో చెప్పుకోలేరు కదా, పిన్ని ఫోన్ చేసింది, "మీ బాబాయి రాత్రిళ్లు ఒంటేలుకి లేచి లేచి పడుకోవట్లేదే, ఎవరో చెప్పారని నీరుగొబ్బి కషాయం కాచిస్తున్నా, మంచిదేనా?" అని. మొదలెట్టింది ధనుర్మాసం చలిలో. శివరాత్రి వెళ్లాక మళ్లీ ఫోను, సగానికి సగం తగ్గిందట, పిన్ని గొంతులో ఎంత ఆనందమో. నేను అడుగుతూ పోతే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. కషాయం పరగడుపున పనిచెయ్యాలని సాయంత్రం టీ మాన్పించిందట, రాత్రి భోజనంలో మజ్జిగ మాన్పించిందట, పెందరాళే అన్నం పెట్టేస్తోందట. పైగా చలి పోయి ఎండ మొదలైంది, చెమట పడుతోంది. చలికాలంలో రాత్రి మూత్రం ఎక్కువవడం, ఎండాకాలం తగ్గడం అందరికీ ఉండేదే. మరి తగ్గించింది నీరుగొబ్బా, టీ మానడమా, ఫాల్గుణమా? బాబాయి ఒక్కడి దగ్గర నించి అది ఎవరూ తేల్చలేరు, అందుకే వందలమందిని రెండు గుంపులు చేసి, ఒకే ఋతువులో, ఎవరికేది ఇచ్చారో వాళ్లకీ డాక్టరుకీ తెలియకుండా చూడాల్సొస్తుంది. మన మొక్కలకి అలాంటి పెద్ద ట్రయల్స్ జరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకునేది వాటిని తోసెయ్యడానికి కాదు, నిలబడే మొక్క ఒక్కటి దొరికినా మా డెల్టాలో పదూళ్ల ముసలాళ్లకి మేలని.

కషాయం మానెయ్యమని నేను పిన్నితో అనలేదు. ముందు యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లు, పీఎస్ఏ (ప్రోస్టేట్ సంగతి చెప్పే రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), స్కానింగ్ చేయించు, వెళ్లొచ్చాక మూత్రం సంచిలో ఎంత మిగులుతోందో చూడమను అన్నాను. బాబాయి ససేమిరా అంటే నేనే మాట్లాడాను. "వయసొచ్చాక ఎవరికైనా ఇంతేనమ్మా" అన్నారు. ఇంతే కాదు బాబాయ్, సంచి ఖాళీ అవ్వకుండా ఏళ్లు గడిస్తే కిడ్నీలు వాస్తాయి, అది నొప్పి లేకుండా జరిగిపోతుంది, క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే ఉండొచ్చు, షుగరు వల్ల కూడా రాత్రిళ్లు లేస్తారు, ఏది ఎందుకో తెలిశాక మీ కషాయం మీరు తాగండి, డాక్టరు గారికి చెప్పి తాగండి అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, ఆఖరికి "సరే, మీ పిన్నిని రేపు ఆటో చెప్పమంటాను" అన్నారు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. వానాకాలం జలుబుకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లల్లో క్లోర్‌ఫెనిరమిన్, సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ లాంటివి ఉంటాయి. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకి వాటితో మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి అర్ధరాత్రి ట్యూబు వేయించుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. ఫినాస్టెరైడ్ వాడేవాళ్లకి పీఎస్ఏ కొన్ని నెలలకి సగానికి పడిపోతుంది, రిపోర్టు చూసే డాక్టరుకి ఆ మందు సంగతి చెప్పకపోతే నార్మల్ అని తప్పుగా అనుకునే ప్రమాదం ఉంది. మూత్రంలో రక్తం, జ్వరం, ధార పూర్తిగా ఆగడం, ఈ మూడిట్లో ఏదొచ్చినా ఏ ఆకూ వద్దు, సీదా ఆస్పత్రికే.

కోనసీమ వాళ్లు తప్పకుండా అడుగుతారు కాబట్టి కొబ్బరి నూనె గురించి కూడా. 2007లో క్యూబా శాస్త్రవేత్తలు టెస్టోస్టిరోన్ ఇచ్చిన ఎలకలకి కొబ్బరి నూనె పట్టించి ప్రోస్టేట్ పెరుగుదల తగ్గిందని ప్రచురించారు. నిజమే. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, సా పాల్మెట్టోలో కూడా అది బాగానే ఉంటుంది, ఆ పోలికతోనే చూశారు. అయితే పైన చెప్పిన సా పాల్మెట్టో మనుషుల్లో ఎక్కడ ఆగిందో చూశారు కదా. వాట్సాప్‌లో దీన్ని చూసి రోజూ గిన్నెడు నూనె తాగడం మొదలెట్టకండి, గుండెకి మంచిది కాదు.

బెరడు సంగతి కూడా చెప్పాలి. ఆఫ్రికాలో పైజియం అనే చెట్టు బెరడు ప్రోస్టేట్ మందుకని చుట్టూ ఒలిచి ఒలిచి చెట్లు చనిపోతే, 1995లో అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టాల్సొచ్చింది. మన ఉలిమిరి చెట్లకి ఆ గతి పట్టకూడదు. కడియం నర్సరీల వాళ్లు కనకాంబరాల పక్కన ఈ మందు మొక్కలు కూడా పెంచితే మాకు ఒకే రకం, ఒకే వయసు మొక్కలు దొరుకుతాయి, ఇప్పుడు ప్రతి ఏడూ ఒక్కో ఊరి నించి తెచ్చిన దాంట్లో సారం ఒక్కోలా వస్తోంది.

ఈసారి మేం కషాయాన్నీ ఈథర్ సారాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాం. దానికి మీ సాయం కావాలి. మీ తాతలో నాన్నమ్మలో మూత్రం బాధకి ఏదైనా మొక్క వాడి ఉంటే రాయండి: ఆకా, వేరా, గింజా, బెరడా, పచ్చిదా ఎండుదా, నీళ్లలోనా పాలల్లోనా మజ్జిగలోనా, ఎన్ని గ్లాసులు పోసి ఎంతకి ఇగరబెట్టేవారు, ఎన్నాళ్లు తాగేవారు, ఏ నెలలో కోసేవారు. రాజోలు, ముమ్మిడివరం, నర్సాపురం వైపు వాళ్లు మరీ మరీ రాయండి, ఇసక నేలల్లో మొక్కలు మా దగ్గర చాలా తక్కువ. వీలైతే మొక్క ఫోటో కూడా పెట్టండి, పూవుతో ఉన్నది.